కుక్కకు ‘డ్రాప్’ నేర్పడం: చేబదులు పద్ధతి

కుక్క నోట్లో చికెన్ బొక్క ఉంది. మీరు వంగి చెయ్యి చాపారు. ఆ క్షణంలో చాలా కుక్కలు నమలడం ఆపి, ఉన్నదున్నట్టు మింగేస్తాయి. మనకది మొండితనంలా కనిపిస్తుంది గానీ కుక్క లెక్క కుక్కకుంది. ఇంతకుముందు చెయ్యి దగ్గరికొచ్చిన ప్రతిసారీ నోట్లోది పోయింది. చెయ్యి చేరేలోపు కడుపులో వేసుకుంటేనే దక్కుతుంది. దవడలు పట్టి విడదీసి, వేలు పెట్టి లాగిన కొద్దీ ఆ లెక్క ఇంకా గట్టిపడుతుంది.

సాక్సు కరుచుకుని పారిపోయే కుక్కపిల్లది వేరే లెక్క. ఇంటిల్లిపాదీ వెంటపడితే దానికి అంతకన్నా పండగ ఉండదు. బొమ్మ పట్టుకుంటే ఎవరూ పట్టించుకోరు, సాక్సు పట్టుకుంటే నలుగురు లేచి పరిగెడతారు. రేపు అది ఏది వెతుక్కుంటుందో వేరే చెప్పాలా?

ఈ రెండు లెక్కలూ మారాలంటే నోట్లోది వదలడం కుక్కకు చేబదులు ఇచ్చినట్టు అనిపించాలి. చేబదులిచ్చినవాడికి డబ్బు టయానికి తిరిగొస్తే మళ్లీ అడిగినా ఇస్తాడు. రెండుసార్లు ఎగ్గొడితే మనం వీధి మలుపులో కనపడగానే తలుపేసుకుంటాడు. కుక్కా అంతే. నేర్పే రోజుల్లో పదిసార్లు అడిగితే కనీసం ఎనిమిదిసార్లు ఆ వస్తువు మళ్లీ దాని నోటికే చేరాలి. పైన వడ్డీగా ఓ తాయిలం ముక్క. కింద చెప్పేదంతా ఈ అప్పు ఎగ్గొట్టకుండా ఎలా నడపాలన్నదే.

మాట ఏది?

నోట్లోది వదలమని చెప్పడానికి తెలుగిళ్లలో ముందుగా తట్టే మాట ‘వదులు’. అది పెట్టుకోకండి. మనం కుక్కతో రోజంతా ‘వద్దు’ అంటూనే ఉంటాం: ఎక్కొద్దు, మొరగొద్దు, అది వద్దు. ‘వద్దు’, ‘వదులు’ మనకు వేరు మాటలు. మాట మొదట్లోనే పసిగట్టే కుక్క చెవికి రెండూ దాదాపు ఒకటే. పైగా ‘వద్దు’ కోపంగా వచ్చే మాట, ఆ కోపం పక్కనున్న ‘వదులు’కీ అంటుకుంటుంది. ‘ఇవ్వు’తో వేరే తంటా ఉంది, చాలా కుక్కలు మొదట నేర్చేది ‘షేక్‌హ్యాండ్ ఇవ్వు’ కాబట్టి బొమ్మ అడిగితే కాలు చాపుతాయి.

‘డ్రాప్’ పొట్టిగా ఉంటుంది, చివర టక్కున తెగుతుంది, బామ్మ అన్నా పిల్లాడు అన్నా ఒకేలా వినిపిస్తుంది. ‘ఇచ్చెయ్’ కూడా బాగానే పనికొస్తుంది. ఏదైనా ఒక్కటే పెట్టుకుని, ఫ్రిజ్ మీద రాసి అంటించండి. ఒకరు డ్రాప్, ఇంకొకరు లీవ్, మరొకరు ‘ఏయ్ విడువు’ అంటే కుక్క మూడు మాటల్నీ వదిలేస్తుంది, నోట్లోది తప్ప.

కింద పడున్నదాన్ని అసలు ముట్టుకోకుండా ఉండటం వేరే పాఠం. దానికి వేరే మాట కావాలి, రెండూ ఒకే వారంలో మొదలుపెట్టకండి.

తాయిలం

ఉడికించిన చికెన్ 100 గ్రాములు తీసుకోండి. ఉప్పు, కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్క రక్తంలోని ఎర్ర కణాల్ని దెబ్బతీస్తాయి. శనగబద్దంత ముక్కలు కోస్తే మామూలు సైజు కుక్కకు రెండు రోజుల అభ్యాసానికి సరిపోతాయి. మాంసం వండని ఇల్లయితే పనీరు, ఉడికించిన చిలగడదుంప చాలు. రోజూ గిన్నెలో పడే డ్రై ఫుడ్ గింజలతో బొమ్మల వరకు నడుస్తుంది. బొక్కల దాకా వచ్చేసరికి ఆ గింజలకు విలువ ఉండదు, అప్పటికి చికెన్ లివర్ లాంటిది దాచి ఉంచుకోండి.

పొమరేనియన్, షిట్జూ లాంటి చిన్న కుక్కలకు ముక్క పెసరబద్దంత చాలు, కింద నాలుగు అని చెప్పిన చోటల్లా రెండు వేయండి. రోజు మొత్తం మీద తాయిలం తిండిలో పదో వంతు దాటకూడదు. దాటితే ఆ మేరకు గిన్నెలో తగ్గించండి. లేకపోతే ‘డ్రాప్’ నేర్చేలోపు లాబ్రడార్ పీపాలా తయారవుతుంది.

మొదటి మూడు రోజులు: నోట్లో ఏమీ ఉండదు

ఇది పిచ్చి పనిలా అనిపిస్తుంది. వదలడం నేర్పడానికి నోట్లో ఏదో ఉండాలి కదా అని దాదాపు అందరూ ఈ మెట్టు దాటేస్తారు. నెల తర్వాత ‘మా కుక్క వినదు’ అనేదీ వాళ్లే.

బొమ్మలు, చెప్పులు ఏవీ లేని గదిలో కుక్కతో నిలబడండి. నాలుగు ముక్కలు గుప్పిట్లో పెట్టుకుని ఆ చెయ్యి వెనక్కి పెట్టుకోండి. ఒళ్లు కదలకుండా, మామూలు గొంతుతో ఒక్కసారి ‘డ్రాప్’ అనండి. మనసులో ‘ఒకటి’ అనుకోండి. అప్పుడు చెయ్యి ముందుకు తెచ్చి నాలుగు ముక్కలూ కుక్క ముందుకాళ్ల దగ్గర నేలమీద వేయండి. అది తింటుంటే ‘ఇక్కడుంది, ఇదిగో ఇంకోటి’ అంటూ ఒక్కో ముక్కనూ వేలితో చూపించండి. అయిపోగానే రెండడుగులు పక్కకి జరిగి మళ్లీ మొదలు. విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. రెండు మూడు నెలల పిల్లయితే విడతకు ఐదుసార్లే, రెండు నిమిషాలు దాటితే దాని ధ్యాస చెదిరిపోతుంది.

ఇందులో రెండు కీలకాలున్నాయి. మాట ముందు, చెయ్యి తర్వాత. చెయ్యి, మాట కలిసి కదిలితే కుక్క చేతినే చదువుతుంది, మాట దానికి గాలిలో కలిసిపోతుంది. తర్వాత నోట్లో చెప్పు పెట్టుకుని మీ చేతిలో ఏముందో చూసి గానీ తేల్చుకోదు. ఇక వేలితో చూపించడం ఎందుకంటే, తినేటప్పుడు మనిషి చెయ్యి దగ్గర్లో తిరిగితే మంచే జరుగుతుందని కుక్కకు అలవాటు పడుతుంది. వారం తర్వాత ఒక చెయ్యి ముక్కలు చూపిస్తుంటే రెండో చెయ్యి వస్తువు తీస్తుంది, కుక్క తల కూడా ఎత్తదు.

మూడో రోజు సాయంత్రం చిన్న పరీక్ష పెట్టండి. కుక్క కిటికీలోంచి బయటికి చూస్తున్నప్పుడు, చేతులు కట్టుకుని ‘డ్రాప్’ అనండి. చటుక్కున తల తిప్పి నేలమీద వెతికితే మాట ఎక్కినట్టే. మీ మొహం వంక చూస్తూ ఉండిపోతే ఇంకో రెండు రోజులు ఇదే చేయండి.

బొమ్మతో

మొదటి వస్తువు కుక్కకు పెద్దగా ఇష్టం లేనిదై ఉండాలి: పాత రబ్బరు బొమ్మ, అట్టముక్క. ప్రాణమంతా పెట్టుకున్న బంతితో మొదలుపెడితే మొదటి రోజే ఓడిపోతారు.

కుక్క దాన్ని నోట పట్టుకున్నాక ఐదారు సెకన్లు ఆగండి. ‘డ్రాప్’, ఒకటి, నాలుగు ముక్కలు నేలమీద. నోట్లో బొమ్మ ఉంటే ముక్కలు తినలేదు కాబట్టి దవడ దానంతటదే తెరుచుకుంటుంది. మొదటి ఐదుసార్లు కింద పడిన బొమ్మ జోలికే వెళ్లకండి. తినేశాక అదే మళ్లీ తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. ఆరోసారి ముక్కల్ని బొమ్మకు మూడడుగుల దూరంలో వేసి, కుక్క అటు వెళ్లగానే బొమ్మ తీసి, తినడం పూర్తవగానే దాని నోటికే అందించండి. ఈ అందించడం మర్చిపోతే చేబదులు ఎగ్గొట్టినట్టే.

వదలకపోతే? మాట రెండోసారి అనకండి. ‘డ్రాప్ డ్రాప్ డ్రాప్’ అని జపం చేస్తే కుక్క నేర్చేది ఆరోసారికి వదిలితే చాలని. మూడు సెకన్లు చూసి, ముక్కలు ఎలాగూ నేలమీద వేసేయండి. అప్పుడు వదిలిందంటే సరే, ఇంకొన్నిసార్లు చేస్తే మాటకే వదులుతుంది. ముక్కలు చూసి కూడా వదల్లేదంటే ఆ వస్తువు మీ తాయిలం కన్నా విలువైనదన్నమాట. వస్తువు తగ్గించండి లేదా తాయిలం పెంచండి. బలం వాడే అవసరం ఈ మొత్తం పాఠంలో ఎక్కడా రాదు.

పదిలో తొమ్మిదిసార్లు మాట వినగానే, మీ చెయ్యి కదలకముందే వదులుతుంటే వడ్డీ తగ్గించొచ్చు: నాలుగు ముక్కల నుంచి రెండు, తర్వాత ఒకటి. తాయిలం జేబులో కాకుండా పక్కన బల్ల మీద డబ్బాలో ఉంచండి. వదిలాక మీరు వెళ్లి తెచ్చిస్తారని కుక్కకు తెలియాలి. ముందుగా చూపించి వదిలిస్తే అది లంచం. లంచానికి అలవాటు పడ్డ కుక్క చెయ్యి ఖాళీగా ఉన్న రోజు మొహం చూడదు.

తాడు లాగే ఆట

తాడు లాగితే కుక్క పెత్తనం చేస్తుందని పాతకాలం మాట ఒకటుంది, దాన్ని పక్కన పెట్టండి. ‘డ్రాప్’ని పదును పెట్టడానికి ఇంతకంటే మంచి ఆట లేదు, ఎందుకంటే ఇక్కడ వడ్డీ తిండి కాదు, మళ్లీ ఆటే. బాంబుల్ని, మత్తుమందుల్ని వెతికే పోలీసు జాగిలాలకు చాలాచోట్ల బంతే జీతం. వెతికి పట్టుకున్నాక ఆ బంతితో కాసేపు ఆడిస్తారు. తర్వాత అది బంతి వదిలితేనే రెండో గాలింపు మొదలవుతుంది.

రెండడుగుల లావుపాటి నూలు తాడు తీసుకోండి. పది సెకన్లు లాగండి, పక్కలకే గానీ పైకి ఎత్తొద్దు, మెడకు దెబ్బ. తర్వాత చేతులు రెండూ తొడకు గట్టిగా ఆనించి కదలకుండా నిలబడండి. తాడు మీ వైపు లాగుతూ ఉంటే కుక్క ఇంకా గట్టిగా లాగుతుంది, అది దాని సహజం. మీరు కుక్కవైపు అరడుగు జరిగి తాడును కాస్త వదులు చేయాలి, చచ్చిన పాములా వేలాడాలి. అప్పుడు ‘డ్రాప్’.

ఇక్కడ కుక్క మొహం దగ్గరగా గమనించండి. అప్పటిదాకా వెనక్కి వాలి ఉన్న నడుము బరువు ముందుకాళ్ల మీదికి వస్తుంది. బిగిసిన పెదవి మూల సడలుతుంది. నాలుక కదిలి తాడును కోరపళ్ల మీంచి బయటికి నెడుతుంది. నాలుక కదిలిన ఆ అరక్షణంలోనే ‘శభాష్’ అని, తాడు నోట్లోంచి జారగానే మళ్లీ ఆట మొదలుపెట్టండి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే అది ఎగిరి తాడందుకుంటుంది. మీ వేళ్లు మధ్యలో ఉంటాయి, ఆడేటప్పుడు వేళ్లు కొరకబడేది ఎక్కువగా ఇక్కడే. మొదటి రెండు రోజులు తాయిలం కూడా వేయండి, తర్వాత ఆటే చాలు.

మూడు నుంచి ఆరేడు నెలల మధ్య కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఊడి 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ కాలంలో తాడు లాగుడు మెల్లగా ఉండాలి. తాడు మీద కాస్త రక్తపు మరక కనిపిస్తే కంగారు లేదు గానీ ఆ రోజుకు ఆట ఆపేయండి.

నమిలే వస్తువులు

కష్టమంతా ఇక్కడే ఉంది. బొమ్మ వదిలిన కుక్క నమిలే కర్రనో బొక్కనో వదలడానికి ఒప్పుకోదు. అందుకే మొదట అది పూర్తిగా దాని సొంతం కానివ్వకూడదు. కనీసం ఆరంగుళాల నమిలే కర్ర ఒకటి తీసుకుని ఒక కొన మీరే పట్టుకోండి, రెండో కొన కుక్క నములుతుంది. పది సెకన్లయ్యాక ‘డ్రాప్’ అని లివర్ ముక్క నేలమీద వేయండి. అది తినగానే అదే కొన మళ్లీ నోటికి అందించండి. ఐదుసార్లు చేసి, ఆరోసారి కర్ర పూర్తిగా ఇచ్చేసి లేచి వెళ్లిపోండి. ఈ లేచి వెళ్లిపోవడమే అసలు జీతం. మనిషి దగ్గరుంటే కర్ర పోదని, పైగా చివరికి తనదే అవుతుందని అప్పుడు అర్థమవుతుంది.

మర్నాడు కొనను రెండు వేళ్లతో ఊరికే ఆనించి ఉంచండి. ఆ మర్నాడు చెయ్యి పూర్తిగా తీసి పక్కనే కూర్చోండి. తర్వాత అడుగు దూరంలో నిలబడి, ఆపైన గదిలో అటు చివర నుంచి నడిచి వచ్చి. ఒక రోజుకు ఒక మార్పే. దూరం పెంచిన రోజు వస్తువు మార్చొద్దు, వస్తువు మార్చిన రోజు దూరం పెంచొద్దు. కుక్క గడబిడ పడితే రెండూ కలిపి మార్చామేమోనని ముందు మనల్ని మనం అడగాలి.

వండిన బొక్కల్ని మాత్రం ఈ అభ్యాసానికి వాడకండి. ఉడికాక అవి పెళుసుబారి సూదుల్లా చీలతాయి. ఆదివారం బిర్యానీ తర్వాత విస్తరాకులో మిగిలేవి కుక్కకు ఎందుకు పెట్టకూడదంటే కారణం కారం ఒక్కటే కాదు.

చెప్పు, రిమోట్, టిష్యూ

దొంగతనం జరిగినప్పుడు పాఠం చెబుదామంటే కుదరదు, దొంగతనాన్ని మీరే ఏర్పాటు చేయాలి. కుక్కకు రెండు మీటర్ల తాడు కట్టి ఒక కొన కాలి కింద ఉంచుకోండి. తాడు లాగడానికి కాదు, పారిపోయే ఆట మొదలవకుండా. ఖాళీ ప్లాస్టిక్ సీసా, పాత గుడ్డ, తెగిపోయిన చెప్పు, పేపరు కప్పు ఒకదాని తర్వాత ఒకటి దాని దారిలో పడేయండి. నోట పట్టుకోగానే ‘డ్రాప్’. ఎంగిలి చేతులు తుడిచిన టిష్యూ, సాక్సు చివర్లో పెట్టుకోండి. అవి వాసన కొడతాయి, చటుక్కున మింగుడు పడతాయి.

ఇప్పుడు ఒక చిక్కు. తెగిన చెప్పు తిరిగిస్తే రేపు కొత్త చెప్పు కూడా తనదే అనుకుంటుంది కదా? నిజమే. అందుకే ఇంటి వస్తువుల విషయంలో చేబదులు మారు వస్తువుతో తీర్చాలి: చెప్పు తీసుకుని, నాలుగు ముక్కలు పెట్టి, వెంటనే నమలడానికి దాని బొమ్మ చేతికి, అదే నోటికి, ఇవ్వాలి. ఖాళీ నోటితో వదిలేస్తే నోరు మళ్లీ చెప్పులే వెతుక్కుంటుంది. చెప్పుల స్టాండుకు తలుపు పెట్టించడం మాత్రం ఏ శిక్షణకన్నా త్వరగా ఫలితమిస్తుంది, అందులో నామోషీ ఏమీ లేదు.

కొన్ని తెలివైన కుక్కలు వారానికల్లా రిమోట్ తెచ్చి మీ కాళ్ల దగ్గర పెట్టి కూర్చుంటాయి, వ్యాపారం మొదలైందని. చాలామంది దీన్ని తప్పు కింద జమకట్టి కసురుతారు. కసరొద్దు. సోఫా కింద దూరి బ్యాటరీ నమిలే కుక్క కన్నా తెచ్చి చేతికిచ్చే కుక్క వెయ్యి రెట్లు నయం. మెచ్చుకుని తీసుకోండి, తాయిలం ఒక్క ముక్కకు తగ్గించండి. ఏమీ ఎత్తుకురాకుండా ప్రశాంతంగా పడుకుని ఉన్నప్పుడు మీరే వెళ్లి రెండు ముక్కలు పెట్టండి. బేరం మెల్లగా అటు మళ్లుతుంది.

రోడ్డు మీద

ఇంట్లో పక్కాగా వదిలే కుక్క గేటు దాటగానే మాట మర్చిపోయినట్టు కనిపిస్తుంది. దానికి చోటు మారితే పాఠం మారినట్టే. అందుకే మెట్లెక్కినట్టు వెళ్లండి: ముందు డాబా మీద, తర్వాత అపార్టుమెంటు వరండాలో, సెల్లార్ పార్కింగులో, తెల్లవారుజామున ఖాళీ వీధిలో, చివరికి కూరగాయల బజారు వైపు. మటన్ కొట్టు సందు అన్నిటికన్నా ఆఖర్న. ప్రతి కొత్త చోటా ఎండుటాకు, పుల్ల లాంటి పనికిమాలిన వస్తువుతోనే మొదలుపెట్టండి.

రోడ్డు మీద దొరికింది తిరిగివ్వలేం. కాబట్టి వడ్డీ బాగా పెంచాలి: పది ముక్కలు, ఒక్కొక్కటిగా, నడుస్తూ. ఆగి ఒకేచోట పెడితే తిన్నాక అదే చెత్త మీదికి తిరిగి వెళ్తుంది. తాడు బిగించి గుంజడం ఇక్కడ చాలామంది చేసే తప్పు. మెడ బిగియగానే దవడ బిగుస్తుంది, తర్వాత గుటుక్కుమంటుంది. తాడు వదులుగా ఉంచి, మాట అని, నాలుగడుగులు అవతలికి నడవండి.

మామిడి పండ్ల కాలంలో టెంకలు, వానాకాలంలో పొత్తులు కాల్చే బండి పక్కన పడి ఉండే మొక్కజొన్న కంకులు బాగా గుర్తుంచుకోవాలి. రెండూ పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా తీసుకెళ్తాయి. తొలకరి రోజుల్లో గోదురుకప్పలు, వాటి ఒంటి మీది స్రావం విషం. దీపావళి మర్నాడు పేలని టపాకాయలు. ఈ కాలాలకు ముందు వారం పాఠం ఒకసారి తిరగేయడం మంచిది.

గుర్రుమంటే

వస్తువు దగ్గరికి వెళ్లినప్పుడు కుక్క తోక ఊపుతూ తల తిప్పేస్తే అది ఆట. నమలడం ఒక్కసారిగా ఆగి, మెడ వస్తువు మీదికి వంగి, ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుని, తల కదపకుండా కంటి కొసతో మిమ్మల్ని చూస్తూ తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తే అది హెచ్చరిక. గుర్రుమనడం దాని తర్వాతి మాట, కరవడం ఆ తర్వాతిది. గుర్రుమన్నందుకు కొడితే కుక్క వస్తువు కాపాడుకోవడం మానదు, గుర్రుమనడం మానుతుంది. అప్పుడు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

బిగుసుకోవడం చూడగానే ఆగండి, రెండడుగులు వెనక్కి వేయండి, వీలైతే దూరం నుంచే రెండు ముక్కలు విసిరి వెళ్లిపోండి. ఆ వస్తువుతో అభ్యాసం అక్కడితో ఆపి, పశువైద్యుడితో, కుక్కల ప్రవర్తన తెలిసిన శిక్షకుడితో మాట్లాడండి. ఎప్పుడూ లేనిది కొత్తగా మొదలైతే చెవి నొప్పో, పంటి నొప్పో ఉందేమో ముందు చూపించాలి. పదేళ్లలోపు పిల్లలు ఈ పాఠం నేర్పకూడదు, పెద్దవాళ్లు పక్కనుంటే బొమ్మల వరకు ఫర్వాలేదు. పంటిగాటు పడితే టీకాలు వేయించిన సొంత కుక్కే అయినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసుపు, కారం అద్దడం వద్దు.

ఇంకా నేర్వని కుక్క ప్రమాదకరమైంది పట్టుకుంటే

వెంటపడకండి, అరవకండి. ఫ్రిజ్ తలుపు తెరిచి గట్టిగా వేయండి, లేదా బయటికి తీసుకెళ్లే గొలుసు గలగలలాడించి వీధి తలుపు వైపు నడవండి. చాలా కుక్కలు నోట్లోది అక్కడే పడేసి వస్తాయి. దాంతో కాకపోతే చేతికందిన తిండి గుప్పెడు నేలమీద వెదజల్లండి. ఒక్క ముక్క చూపిస్తే లెక్క వేసుకుంటుంది, ఇరవై ముక్కలు చెల్లాచెదురుగా పడితే లెక్క మర్చిపోతుంది. అది తింటుండగా వస్తువు తీయడానికి వెళ్లే బదులు, తింటున్న కుక్కను గదిలోనే ఉంచి తలుపేసి లేదా ఇంకో గదికి పిలిచి, అప్పుడు తీయండి.

మింగేసిందా? ఏది, ఎంత, ఎన్ని గంటలకు అన్నది రాసుకుని, డబ్బా లేదా మందు అట్ట చేత్తో పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ప్రమాదం, పదునైనవి, యాసిడ్ లాంటివి మింగినప్పుడు మరీను. ఎలుకల మందు బిళ్లలు తిన్న కుక్క ఆ రోజు హుషారుగానే తిరుగుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే కొన్ని రోజులకు గానీ లోపల రక్తస్రావం బయటపడదు, అప్పటికి ఆలస్యమైపోతుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపిన చూయింగ్ గమ్, మన ఒళ్లు నొప్పుల మాత్రలు, గుండీ బ్యాటరీలు, ఇవన్నీ అదే పూట వెళ్లాల్సినవే. దారమో, క్యాసెట్ టేపు లాంటిదో సగం మింగి సగం నోట్లోంచి, లేదా వెనకనుంచి వేలాడుతుంటే లాగకూడదు. లోపల పేగు దాని మీద ముడతలు పడి ఉంటుంది, లాగితే కోసుకుపోతుంది.

నేర్చాక

చిన్న కుక్కపిల్లకు ఇంట్లో బొమ్మల వరకు రెండు మూడు వారాలు పడుతుంది, రోడ్డు మీద నమ్మకంగా వదలడానికి రెండు మూడు నెలలు. ఇంతకుముందు చాలాసార్లు దవడలు విడదీయించుకున్న పెద్ద కుక్కకు దీనికి రెట్టింపు వేసుకోండి. పాత బాకీ ముందు తీరాలి కదా. నేర్చేసిందని మానేయకండి. వారానికి నాలుగైదుసార్లు, ఏ అవసరమూ లేకుండా, దాని బొమ్మ అడిగి తీసుకుని వెంటనే ఇచ్చేయండి. నిజంగా లాక్కోవాల్సి వచ్చిన రోజు తర్వాత మర్నాడు ఈ తిరిగివ్వడాలు పదిసార్లు చేయండి.

ఎప్పుడూ మాట మీద వదిలే కుక్క ఒకరోజు నోరు సగం తెరుచుకుని, చొంగ కారుస్తూ, ముందుకాలితో మూతి గీక్కుంటూ ‘డ్రాప్’ అన్నా వదలకపోతే మాటను అనుమానించకండి. పుల్ల ముక్కో బొక్క ముక్కో అంగిలికి అడ్డంగా, పై దవడ రెండు వైపుల పళ్ల మధ్య ఇరుక్కుని ఉండొచ్చు. మంచి వెలుతురులో పై పెదవి ఎత్తి చూడండి. ముక్క కనిపించినా, నొప్పి మీదున్న కుక్క కరుస్తుంది కాబట్టి వేళ్లు పెట్టకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మత్తిచ్చి తీస్తారు.